పాత రివాల్వరును గుర్తించుట

తొలకరి వాన కురిసిన మరునాడు తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు ఎఱ్ఱనేలలలో జనము తల వంచి నడచుచుందురు. వజ్రము దొరకునేమో యని ఆశ. దొరికిన రాతిని కొన వచ్చిన వర్తకుడు అది ఏ రాయల కాలమున ఎవరి పేటిక నుండి జారిపడినదో అడుగడు. రాతిని వెలుతురునకు పట్టి చూచును, చూచి వెల చెప్పును. రాళ్ల విషయమున ఈ విద్య మన వారికి తరతరములుగ కలదు గాని, పాత ఆయుధముల విషయమున లేదు. అక్కడ కథ ముందు వచ్చును, వస్తువు తరువాత వచ్చును.

పాత రివాల్వరుల మాట నేడు ఎత్తుటకు కారణము కలదు. 2019 డిసెంబరులో ఆయుధ చట్టమును సవరించి, ఒక వ్యక్తి లైసెన్సు మీద ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండునకు తగ్గించిరి. వారసత్వముగ వచ్చినవియు ఈ లెక్కలోనివే. కర్నూలు, కడప జిల్లాల పాత కుటుంబములలో తాతగారి జోడుగొట్టముల తుపాకి యొకటి, పిమ్మట కొన్నది యొకటి, పెట్టె యడుగున గుడ్డలో చుట్టిన రివాల్వరొకటి ఉండుట వింత కాదు. మూడింటిలో నొకటి పోలీసు స్టేషనులోనో, లైసెన్సుగల వ్యాపారి వద్దనో అప్పగింపవలసి వచ్చినప్పుడు, ఎవరును వాడనిది, తూటాలు దొరకనిది ముందుగ ఇల్లు వదలును. అది సామాన్యమైనదా, అరుదైనదా యని ఇచ్చువారు చూడరు. చూచువారు కొందరు కలరు, వారు కొనువారు. అమ్మువానికి తెలియనిది కొనువానికి తెలిసినచో వెల యెట్లుండునో చెప్పనక్కరలేదు. కథ విని పదింతలు పెట్టి కొన్నవారును కలరు. ఈ రెండు విధముల నష్టమునకును మందొక్కటే: ఇనుము మీద వ్రాసియున్నదానిని చదువుకొనుట.

మన వైపు వినబడు కథలు ముఖ్యముగ రెండు. మొదటిది కర్నూలు నవాబు ఆయుధశాల కథ. 1839లో కంపెనీవారు నవాబు గులాం రసూల్ ఖానుపై అనుమానపడి సైన్యమును పంపిరి. కోటలోను, అంతఃపురపు తోటలలోను దాచిన ఫిరంగులు, గుండ్లు, మందు రాశులుగ బయటపడినవి. ఆ అక్టోబరులో జొహరాపురము వద్ద పోరు జరిగి నవాబు పట్టుబడెను. తిరుచిరాపల్లికి పంపబడి మరుసటి సంవత్సరము అచ్చటనే హతుడయ్యెను. ఇంత ఆయుధరాశి గల చరిత్ర యుండగా, చేతికి వచ్చిన ప్రతి పిస్తోలును అందులోనిదే యనుట సులభము. రెండవది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు. 1846లో ఆయన తిరుగబడుట, 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరితీయబడుట అందరెరిగినవే. 2019లో ఆయన చరిత్ర చలనచిత్రముగ వచ్చిన పిదప ఆయన ఆయుధములును సంఖ్యలో పెరుగుచున్నవి!

ఇక సంవత్సరములు చూడుడు. అమెరికాలో సామ్యూల్ కోల్టు తన తిరుగు చక్రపు పిస్తోలునకు పేటెంటు పొందినది 1836 ఫిబ్రవరిలో. ప్యాటర్సను పట్టణమున పెట్టిన ఆయన మొదటి కంపెనీ 1842లో దివాలా తీసెను. ఇంగ్లండు జనుల కన్ను రివాల్వరులపై పడినది 1851 నాటి లండను మహాప్రదర్శనలో. కోల్టు సరుకుతో పాటు రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుడు చేసినదియు అచ్చట నుంచబడెను. కోల్టు లండనులో కర్మాగారము తెరచినది 1853లో. నాలుగేండ్లు తిరుగక మునుపే మూసివేసెను. కంపెనీ సైనికాధికారులు ఈ రెండు విధముల ఆయుధములను సొంత సొమ్ముతో కొని మన దేశమునకు తెచ్చుకొనిన కాలమది. 1839 నాటి కర్నూలు కోటలోగాని, 1846 నాటి నల్లమల గుహలలోగాని రివాల్వరుండెనని చెప్పువాడు, ఋజువు తానే చూపవలెను.

దీనికి ఎవరైనను చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఆ కాలపు రివాల్వరులకు ఇత్తడి తూటాలు లేవు. చక్రములోని ఒక్కొక్క గదిలో ముందు వైపు నుండి మందు పోసి, సీసపు గుండు కూరి, వెనుక చిన్న రాగి టోపీ తొడుగవలెను. కావున ఆ చక్రపు గదులకు వెనుక ప్రక్క మూత యుండును. టోపీ తొడుగు చిన్న ముక్కు మాత్రము పైకి కనబడును. గదులు ఈ కొస నుండి ఆ కొసకు తెరచి, వెలుతురు ఇవతలికి కనబడినచో అది ఇత్తడి తూటాల కాలమునకు చెందినది, లేదా ఆ కాలమున మార్చబడినది. నరసింహారెడ్డి కథ అంతటితో ముగియును. ఈ పరీక్షయైనను, ఆయుధము ఖాళీగ నున్నదని తెలిసినవారిచే తెరపించి చూచిన పిమ్మటనే చేయవలెను.

గొట్టము మీది పేరును మరియొక చిక్కు. మదరాసులోని పి. ఓర్ అండ్ సన్స్ అను పేరో, కలకత్తా మాంటన్ కంపెనీ పేరో చెక్కియున్నచో, వారే దానిని చేసిరని పలువురు భ్రమపడుదురు. వారు అమ్మినవారు. మన జిల్లాలు మదరాసు రాజధానిలోనివి గనుక దొరలకును, జమీందారులకును కావలసిన సరుకు ఆ వైపు నుండియే వచ్చెడిది. అంగడివాని పేరు మీ యింటి చరిత్రకు పనికివచ్చును. ఆయుధపు జాతి తెలియుటకు చేసినవాని ముద్రను వేరుగ వెదకవలెను. లండను కోల్టులపై కర్నల్ కోల్టు, లండను అని చిరునామాయే ఉండును.

నాకు చూపబడినవానిలో ఎక్కువ పాలు బర్మింగుహాములో తయారైన వెబ్లీలు. అసలు పరీక్ష వీనియందే కలదు. ఈ కంపెనీ సైనికపు రివాల్వరులలో ఆరు రకములు కలవు. మొదటిది 1887లో, నాలుగవది 1899లో, ఐదవది 1913 డిసెంబరులో, ఆరవది 1915లో బ్రిటిషు సైన్యమునకు వచ్చెను. అన్నియు నడుమ విరుగునవే. బొటనవ్రేలితో మీటను నొక్కి గొట్టమును క్రిందికి వంచినచో ఖాళీ తూటాలు ఆరును ఒక్కసారిగ పైకి లేచును. అన్నియు .455 బోరువే. ఆరవ రకము మొదటి ప్రపంచ యుద్ధ కాలమున సుమారు 3 లక్షలు తయారయ్యెను. ఐదవ రకము 20,000 వఱకే. సైన్యములోనికి వచ్చి రెండేండ్లు నిండక మునుపే ఆరవది దాని స్థానమును తీసికొనెను. అందుచేత సేకర్తలు ఐదవదానిని వెదకుదురు.

ఐదవదానికి సామాన్యముగ గొట్టము 4 అంగుళములు. పిడి రామచిలుక ముక్కువలె కొస వంగియుండును. ఆరవదానికి గొట్టము 6 అంగుళములు. పిడి అడుగు చదరముగ నుండును. ఈ భేదము పసివాడైనను చెప్పగలడు. కష్టమైనది నాలుగవదానిని ఐదవదాని నుండి వేరుపరచుట. రెండింటి రూపము అన్నదమ్ముల పోలికగ నుండును. పొగలేని మందు తూటాలకు తాళవలెనని ఐదవదాని చక్రమును కొంచెము లావు చేసిరి. అది పట్టుటకు చట్రమును ఆ మేరకు తొలిచిరి. ఆ కొంచెము కంటికి ఆనదు. కంసాలులు, మెకానిక్కులు వాడు వెర్నియరు కొలబద్దతో, నిజమని తెలిసిన నాలుగవ రకము నొకదానిని ప్రక్కన పెట్టుకొని కొలిచి చూడవలెను.

ఇంత శ్రమ యెందుకు, రకపు సంఖ్య చట్రముపై చెక్కియే యున్నది గదా యందురు. ఉన్నది. అది రోమను అంకెలలో నున్నది. రోమను నాలుగునకు ఎడమ ప్రక్క ఒక నిలువు గీత, ఆరునకు కుడి ప్రక్క ఒక నిలువు గీత. ఐదునకు గీతయే లేదు. కావున ఒక్క గీతను ఆకురాతితో అరగదీసినచో నాలుగును, ఆరును కూడ ఐదగును! సంఖ్యకు ఇరుప్రక్కల లోహము పల్లముగ నున్నదా, అచ్చట నీలి మెరుగు తక్కినచోటికంటె కొత్తగ నున్నదా యని భూతద్దముతో చూడవలెను. చెరిపినవాడు చక్రపు లావును మార్చలేడు. సంఖ్యయు, చక్రమును ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలెను. ఐదవ రకములో కొన్నిటికి యుద్ధారంభమున 6 అంగుళముల గొట్టములే అమర్చిరి గనుక, గొట్టము పొడవును మాత్రము చూచి త్రోసివేయుటయు తొందరపాటే. సంఖ్య ప్రక్క నక్షత్రపు గుర్తున్నచో అది పిదప మార్పులు పొందినదని తెలియును.

తక్కిన ముద్రలును మాటలాడును. బాణపు మొన గుర్తు ప్రభుత్వపు సొత్తనుటకు. దాని క్రింద ఇంగ్లీషు ఐ అక్షరమున్నచో భారత ప్రభుత్వపు సొత్తు. రెండు బాణపు మొనలు ఎదురెదురుగ తాకియున్నచో సైన్యము దానిని విక్రయించి వదలుకొనినదని అర్థము. చట్రము, గొట్టము, చక్రము వీనిపై వరుస సంఖ్య ఒకటే యున్నదా యని సరిచూడవలెను. వేరైనచో అది అతుకుల బొంత.

నంద్యాల ప్రాంతపు కుటుంబమువారు, వ్యాపారి వద్ద డిపాజిట్టులో నున్న తమ రివాల్వరును చూడుమని నన్ను కోరిరి. నరసింహారెడ్డిగారిదని వారి యింట రెండు తరములుగ వాడుక. దానిపై ఆరవ రకపు ముద్రయు, 1917 అను సంవత్సరమును స్పష్టముగ నుండెను. వారి మొగములు చిన్నబోయినవి. అందుమీద ఎదురెదురు బాణపు గుర్తులు చూపి, ఇంట పాత కాగితము లేమైన నున్నవా యని యడిగితిని. మరునాడు ట్రంకు పెట్టె నుండి 1878 నాటి చట్టము క్రింది లైసెన్సు కాగితమొకటి తెచ్చిరి. అందు ఈ వరుస సంఖ్యయే, వారి ముత్తాత పేరుతో. ఆయన మదరాసు సాపర్సు దళములో చేరి మెసపటేమియా వెళ్లి వచ్చినవాడట. ఆ సంగతి ఇంటిలోని పిల్లలకు తెలియదు. వీరుని కథ ముత్తాత కథను మింగివేసినది. నా దృష్టిలో ఆ కాగితముతో కూడిన ఆ సామాన్యపు ఆరవ రకము, కాగితము లేని అరుదైనదానికంటె విలువ గలది. అందఱు సేకర్తలు నాతో ఏకీభవింపరు.

నిజముగ అరుదైనది వెబ్లీ-ఫాస్‌బెరీ. దీనిని కల్పించిన జార్జి ఫాస్‌బెరీ మన దేశములోని కంపెనీ సైన్యమున పనిచేసి, 1863 నాటి వాయవ్య సరిహద్దు యుద్ధమున విక్టోరియా క్రాసు పొందినవాడు. తూటా పేలిన దెబ్బకు పై భాగము వెనుకకు జారి, చక్రము దానంతట అదే తిరుగును. అందుకై చక్రము చుట్టును పాము నడకవంటి వంకర గాళ్లు చెక్కియుండును. ఆ గాళ్లను ఒకసారి చూచినవాడు మఱి పొరపడడు. మొత్తము తయారైనవి 5,000 లోపే. అందును ఆరు తూటాలకు మారుగ ఎనిమిది పట్టు.38 బోరు రకము మిక్కిలి అరుదు.

వాయవ్యపు కొండలలోని దర్రా ఆదమ్ ఖేలు గ్రామపు కమ్మరులు వెబ్లీలను అచ్చు పోసినట్లు చేయుదురు. పనితనము మెచ్చదగినదే. చదువురాని చేతి వ్రాత వారిని పట్టిచ్చును: అక్షరములు తలక్రిందులగుట, పేరులో తప్పులు దొర్లుట, గీతలు ఎగుడుదిగుడుగ నుండుట. దీనికంటె బాధాకరమైనది మన యిండ్లలోనే జరుగుచున్నది. అమ్మకము ముందు గరుకు కాగితముతో రుద్ది, నికెలు పూత పెట్టించి అద్దమువలె మెరయించుదురు. దానితో ముద్రలు పోవును, సాక్ష్యమును పోవును. దుమ్ము తుడిచి, సన్నని యంత్రపు నూనె ఒక చుక్క రాయుట చాలును. వేరుసెనగ నూనె పనికిరాదు. అది గట్టిపడి కీళ్లను పట్టివేయును.

కొనగోరువారు ముందుగ తెలిసికొనవలసినది బోరు. 1962 నాటి ఆయుధ నియమములు .455, .380 తూటాలు పేల్చు రివాల్వరులను నిషిద్ధ వర్గములో చేర్చినవి. అట్టివానికి కేంద్ర ప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలెను; జిల్లాలో దొరకు సామాన్య లైసెన్సు చాలదు. .32 బోరు దానికి దొరకు లైసెన్సును చూపి .455 వెబ్లీని కొన్నవాడు సేకర్త గాడు, ముద్దాయి. మరమ్మతు చేసినను పేల్చుటకు వీలులేని పురాతన ఆయుధములను 1959 చట్టపు 45వ సెక్షను మినహాయించుచున్నది. 2020లో పురావస్తువులవంటి చిన్న ఆయుధములకు నియమములు కొంత సడలినవి. అయినను ఏది ఆ కోవలోనికి వచ్చునో నిర్ణయించునది అధికారి, అమ్మువాడు కాడు. ఆ నిర్ణయము వ్రాతమూలకముగ చేతికి వచ్చువఱకు బయానా కూడ ఇయ్యరాదు. నూరేండ్లు దాటినది పురావస్తువని 1972 చట్టము క్రింద పరిగణింపబడినచో, దానిని సొంతముగ విదేశములకు పంపుటయు కుదరదు.

అప్పగింపవలసి వచ్చిన కుటుంబములవారు ఇచ్చుటకు ముందు ఒక పూట తీరిక చేసికొని, వ్యాపారి యెదుట ఇరుప్రక్కల ఫొటోలు తీయించి, వరుస సంఖ్య, రకపు సంఖ్య, సంవత్సరము, ముద్రలు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పాత లైసెన్సులుండినచో నకళ్లు తీసి దానికి జతపరుపవలెను. ఒక ప్రతి ఇంట నుంచుకొని, ఒక ప్రతి రశీదుతో పాటు అధికారికి ఇయ్యవచ్చును. అరుదైనదని తేలినచో, ఏదైన మ్యూజియమునకు చేర్పవలెనను కోరికను ఆ కాగితములోనే వ్రాసి కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును.