ఊయల ఖర్చు ఎవరిది?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు మీద జరిగే ఉపన్యాసం ఇది. ఆమె జీవితాన్ని మళ్లీ చెప్పబోను. 1923 కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూను గుమ్మం దగ్గర ఆపిన కథ, 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభలో ఆమె పని మీకందరికీ తెలిసినవే. ఆమెను పొగిడేవాళ్లకు కొదవ లేదు. ఆమెతో వాదం పెట్టుకున్నవాళ్లు తక్కువ. ఎంతో కాలంగా నా మనసులో ఉన్న ఒక పేచీని ఈ వేదిక మీద బయటపెట్టడమే ఆమెకు నేనిచ్చే గౌరవం. పనికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డను పగటిపూట చూసుకోవడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఆ పేచీ.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దుర్గాబాయి దాని తొలి అధ్యక్షురాలు. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, స్వచ్ఛంద సంస్థ పని చేస్తుంది, అదీ పద్ధతి. ఊరూరా ప్రభుత్వ యంత్రాంగం లేని ఆ రోజుల్లో అంతకన్నా మంచి దారి లేదని ఒప్పుకుంటాను. కానీ ఆ దారి అక్కడితో ఆగలేదు. 1975లో శిశు సంరక్షణ కేంద్రాల పథకం వచ్చినప్పుడు దాన్నీ ఈ బోర్డుకూ మరి రెండు సంస్థలకూ అప్పగించారు. పథకం పేరు చూడండి: పనిచేసే తల్లుల, జబ్బుపడిన తల్లుల పిల్లల కోసం. పనికి వెళ్లడాన్నీ జబ్బుపడటాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టారు. రెండూ ఇంటికొచ్చిన ఆపదలే అన్నట్టు, రెంటికీ దయ చూపాలన్నట్టు. శిశు సంరక్షణ కార్మిక చట్టాల బీరువాలో నుంచి సంక్షేమ గ్రాంటుల బీరువాలోకి మారింది ఆ ఒక్క పేరుతోనే అని నా నమ్మకం. ఆ తరవాత 2006లో రాజీవ్ గాంధీ పేరు, 2017లో జాతీయ క్రెష్ పథకమన్న పేరు, 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అన్న పేరు వచ్చాయి. పాల్నా అంటే ఊయల. పేర్లు మారినా బీరువా మారలేదు. 2017లో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 30, సంస్థ 10 పాళ్లుగా పంచుకోమన్నారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబం బిడ్డకు నెలకు 20 రూపాయలు కట్టాలన్నారు. కార్యకర్తకు 3,000, ఆయాకు 1,500 గౌరవ వేతనం. పాతికమంది పసిపిల్లలను రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు చూసుకునే మనిషికి అప్పట్లో ఇచ్చిన డబ్బు అది. ఒకప్పుడు దేశంలో 23 వేలకు పైగా ఉన్న కేంద్రాలు 2020 నాటికి ఆరున్నర వేల దరిదాపుకు పడిపోయాయంటే నాకు ఆశ్చర్యం లేదు. దయకు బడ్జెట్టులో ఎప్పుడూ చివరి వరుసే.

రెండో దారి యజమాని. నా అసలు తగవు ఇక్కడ. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను మొదట యాభైమందికి మించి, 1976 సవరణ తరవాత ముప్పైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం యాభైమంది స్త్రీలు దాటితే అంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టమూ అంతే. ఈ లెక్కలో పిల్లలు ఎక్కడా లేరు, తండ్రులు అసలే లేరు. స్త్రీలను లెక్కపెట్టి ఖర్చు వేస్తే యజమాని ఏం చేస్తాడు? ముప్పై ఒకటో స్త్రీని తీసుకోడు. తీసుకున్నా కాంట్రాక్టరు పేరు మీద రాస్తాడు. ఇందుకు అతని దుర్మార్గమే అక్కర్లేదు, చట్టం చెప్పిన కూడిక చాలు. తల్లి పనికి రావాలని రాసిన సెక్షనే ఆమెను పనిలోకి తీసుకోకపోవడానికి కారణం అందించింది. ప్రసూతి భత్యం విషయంలో ప్రపంచం ఈ పొరపాటును ముందే పసిగట్టింది. 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ మూడో ఒడంబడిక ఆ డబ్బు ప్రభుత్వ నిధుల నుంచో బీమా నుంచో రావాలంది. 2000 నాటి 183వ ఒడంబడిక, యజమానిని విడిగా ఆ ఖర్చుకు బాధ్యుణ్ణి చేయకూడదని ఇంకా సూటిగా చెప్పింది. మన దగ్గరా 1948 ఈఎస్ఐ చట్టం ఆ పద్ధతినే తెచ్చింది: స్త్రీ అయినా పురుషుడైనా ప్రతి కార్మికుడి జీతం మీద చందా పడుతుంది, ప్రసూతి భత్యం ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. అందువల్ల ఈఎస్ఐ పరిధిలోని యజమానికి బాలింత బరువు కాదు. ఆ పసిబిడ్డకు ఆరు నెలలు నిండగానే ఈ తెలివి ఏమైపోయింది?

మీ తగవు తీరిపోయింది కదా అని మిత్రులు అంటారు. 2017 ప్రసూతి సవరణ చట్టం స్త్రీపురుష భేదం లేకుండా యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ యాభై లెక్కే ఉంది. ఇది ముందడుగే, కాదనను. కానీ ఖర్చు ఇంకా ఆ ఒక్క యజమాని మీదే ఉంది. పసిపిల్లల తల్లులు ఎక్కువగా ఉన్న సంస్థకు ఎక్కువ ఖర్చు, లేని సంస్థకు తక్కువ. పైగా యాభై అన్న గీత ఎవరిని బయట నిలబెట్టిందో చూడండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు కార్ఖానాలో కూర్చోరు. తునికాకు ఇంటికి తెచ్చుకుంటారు, చేట ఒళ్లో పెట్టుకుంటారు, వెయ్యి బీడీలకింతని కూలి తీసుకుంటారు. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ చేట కిందికి దిగుతుంది, వెయ్యి పూర్తికావడం ఆలస్యమవుతుంది. ఆ కూలి నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. నాట్లకూ కలుపుకూ మిరప కోతకూ వెళ్లే స్త్రీకైతే యజమాని వారానికొకరు. ఆమె బిడ్డ గట్టు మీద చీర ఊయలలో ఉంటుంది, లేదా బడి మానేసిన అక్క చంకలో ఉంటుంది. అంగన్‌వాడీ ఉంది కదా అనేవాళ్లకు ఒకటే జవాబు: 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం మూడేళ్లు నిండిన బిడ్డను కేంద్రంలో కూర్చోబెట్టుకుంటుంది. మూడేళ్లలోపు బిడ్డకు పౌష్టికాహారం ఇంటికి ఇచ్చి పంపుతుంది. ఉద్యోగికి ప్రసూతి సెలవు 26 వారాలు. ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా బిడ్డ ఎవరి లెక్కలోనూ లేదు. దేశమంతటా 17 వేల అంగన్‌వాడీలను క్రెష్‌లుగా కూడా నడుపుతామన్న నిర్ణయం మంచిదే. అయితే దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది, దాన్ని దాటవేయను. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్లకే శిశు సంరక్షణ ఇచ్చింది. తల్లులు ఎక్కువగా పనికి వెళ్లారు, కానీ పిల్లల ప్రవర్తనలోనూ ఆరోగ్యంలోనూ చెడు ఫలితాలు కనిపించాయని బేకర్, గ్రూబర్, మిలిగన్ 2008లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. తల్లి ఒడి కన్నా కేంద్రం మేలా అని అడిగేవాళ్లు దీన్నే ముందుకు తెస్తారు. ఆ అధ్యయనాన్ని నేను తోసిపుచ్చను. నాణ్యత చూడకుండా చోటు మాత్రమే పెంచితే ఏమవుతుందో అది హెచ్చరిస్తోంది. 1,500 రూపాయల ఆయాతో నడిపిన మనకు ఆ హెచ్చరిక మరీ అవసరం. కానీ వాళ్ల పోలిక వేరు. అక్కడ కేంద్రానికి ఎదురుగా నిలిచింది ఎక్కువగా పెద్దల కనుసన్నల్లోని ఇల్లు. ఇక్కడ ఎదురుగా నిలిచింది గట్టు, ఇటుక బట్టీ, తొమ్మిదేళ్ల అక్క. తల్లి ఒడి అన్న ప్రత్యామ్నాయం కూలి మీద బతికే ఇంటికి లేనే లేదు. నగదు ఇచ్చేస్తే సరిపోదా అన్న వాదమూ ఉంది. బ్రిటన్‌లో తల్లిదండ్రులు ఎనిమిది పౌండ్లు వేస్తే ప్రభుత్వం రెండు కలుపుతుంది. అక్కడ ప్రతి జీతమూ పన్ను లెక్కలో ఉంది, డబ్బుంటే చేర్చడానికి రిజిస్టరైన కేంద్రమూ ఉంది. కేంద్రమే లేని మండలంలో ఆ రెండు పౌండ్లతో తల్లి ఏం కొనుక్కుంటుంది?

మరి ఏం లెక్కపెట్టాలి? మన పాత చట్టాల్లోనే రెండు చోట్ల సరైన కూడిక దాక్కుని ఉంది. 1951 తోటల కార్మిక చట్టం మొదట స్త్రీలనే లెక్కించింది. 1981 సవరణతో, స్త్రీ కార్మికుల పిల్లలు ఇరవైమంది ఉన్నా క్రెష్ పెట్టాలంది. 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు ఇంకా ముందుకు వెళ్లింది: పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే ఒక స్త్రీని వాళ్లను చూసుకోవడానికి పెట్టాలంది, ఆమెకు మట్టి తవ్వినవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలంది. అది గౌరవ వేతనం కాదు, కూలి. ఆ కూలి ఇచ్చేది మేస్త్రీ కాదు, ఖజానా. నా పేచీకి కావలసిన జవాబంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. పిల్లలను లెక్కపెట్టు, ఖర్చు ఉమ్మడి నిధి నుంచి పెట్టు, చూసుకునే మనిషికి కూలి ఇవ్వు. 2023లో కర్ణాటక ఉపాధి కూలీల పిల్లల కోసం నాలుగు వేల పంచాయతీల్లో కూసిన మనె (పసివాళ్ల ఇల్లు) కేంద్రాలు తలపెట్టింది కూడా ఈ ఆలోచన మీదే.

ప్రస్తుతం నేను చేస్తున్న పని ఈ షెడ్యూలు వాక్యం చుట్టూనే తిరుగుతోంది. తెలుగు జిల్లాల ఉపాధి పనుల పాత మస్టర్లను, సామాజిక తనిఖీ నివేదికలను పక్కపక్కన పెట్టి, పిల్లలను చూసుకోవడానికి పెట్టిన స్త్రీకి నిజంగా కూలి పడిందా, ఏ నెలల్లో పడింది, ఏ పనుల్లో పడలేదు అని ఒక పట్టిక కడుతున్నాను. వేసవి మస్టర్లలో కూలీల సంఖ్య పెరుగుతుంది. ఆ పెరిగినవాళ్లలో పసిపిల్లల తల్లులు ఎందరో మస్టరులో వేరే గడి లేదు. అందుకని అదే ఊరి అంగన్‌వాడీ రిజిస్టరులోని పుట్టిన తేదీలను తీసి, తల్లి పేరుతో జత చేయాల్సి వస్తోంది. ఈ రెండు పుస్తకాలు ఒకే పంచాయతీకి చెందినవే, కానీ రెండు వేర్వేరు శాఖలవి. ఒకదానిలో తల్లి ఉంది, రెండోదానిలో బిడ్డ ఉంది. వాటిని ఒకే పేజీ మీదికి తేవడంతో ఈ ఏడాది సగం గడిచింది.