ముందుండి లాగిన కారు

 

ఒంగోలులో నిలబడి ఫ్రెంచి కారు గురించి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. దాని కిటుకు మన ఊరికి ఎప్పటినుంచో తెలుసు. మన గిత్తలు బండిని ముందుండి లాగుతాయి. కార్లు మాత్రం చాలాకాలం వెనక చక్రాల తోపుడు మీదే నడిచాయి. ఇంజను ముందు, తిరిగే చక్రాలు వెనక, రెంటినీ కలుపుతూ అడుగున పొడుగాటి కడ్డీ. ఆ కడ్డీ వల్ల కారు నేల ఎత్తయ్యేది, ఎక్కడానికి పక్కన మెట్టు ఉండేది.

1934లో ఆంద్రే సిత్రోయెన్ పారిస్‌లో ట్రాక్షన్ అవాఁ అనే కారు తెచ్చాడు. పేరుకు అర్థమే ముందు లాగుడు. అంతకుముందూ అలాంటి కార్లు లేకపోలేదు గాని, ఇది వేలకు వేలుగా తయారై జనంలోకి వెళ్ళింది. కడ్డీ పోయింది, విడి చాసిస్ కూడా పోయింది. ఒళ్ళంతా ఒకటే ఉక్కు పెట్టె. దాంతో కారు నేలకు దిగింది, పక్క మెట్టు అక్కర్లేకపోయింది. రూపం తీర్చినవాడు ఫ్లమీనియో బెర్తోనీ, ఇటలీ శిల్పి. కాగితం మీద గీయకుండా ముద్దతో చేత్తో మలిచాడు. పారిస్ వీధిలో ఒకదాన్ని చూసి, ప్యాంటు మాసినా సరే అని మోకాళ్ళ మీద కూర్చుని అడుగు చూశాను. అందం పైపూత కాదు, అక్కడే మొదలైంది.

గేరు కర్ర డాష్‌బోర్డులోంచి బయటికొస్తుంది. మొదట చూసినవాడికి గొడుగు పిడిలా ఉంటుంది!

ఇంత చేసినవాడికి దక్కిందేమిటి? కొత్త కారు, దానికోసం తిరిగి కట్టిన ఫ్యాక్టరీ కలిసి అప్పుల్లో ముంచాయి. తొలి బళ్ళలో లోపాలూ వచ్చాయి. 1934 చివరికి కంపెనీ దివాలా తీసింది. పెద్ద అప్పు ఇచ్చిన టైర్ల కంపెనీ మిషెలిన్ చేతికి పోయింది. 1935 జూలైలో, 57 ఏళ్ళకే, సిత్రోయెన్ కన్నుమూశాడు. కారు మాత్రం 1957 దాకా వస్తూనే ఉంది, ఏడు లక్షలకు పైగా.

మన అంబాసిడర్, పద్మిని వెనక చక్రాల బళ్ళే. ముందు చక్రాల కారు మన మధ్యతరగతి ఇళ్ళకు వచ్చింది 1983 తర్వాత, మారుతి 800తో. ఇవాళ బయట ఆపి వచ్చిన చిన్న కార్లలో చాలావాటిదీ అదే పద్ధతి. వెళ్ళేటప్పుడు పిల్లలకు బానెట్ ఎత్తి చూపించండి.