మాస్టారిని ఎలా చూపించాలి?

(స్వర్ణోత్సవ ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

   మా బ్యాచ్ వాళ్ళు పొద్దున టిఫిన్ల దగ్గర నుంచీ నన్ను తిడుతూనే ఉన్నారు.

నాకిచ్చింది పదిహేను నిమిషాలు. నేను 1984లో ఇక్కడ పదో తరగతి ప్యాసయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా భవనాలూ వంతెనలూ డిజైన్ చేసుకుంటూ బతుకుతున్నాను. నాటకం గురించి మాట్లాడ్డానికి నాకున్న అర్హత అల్లా ఒకటే. మన స్కూలు వార్షికోత్సవంలో హరిశ్చంద్ర ఆడినప్పుడు ఎనిమిదో తరగతిలో లోహితాస్యుడి శవంగా పడుకున్నాను. పదిలో నక్షత్రకుడి వేషం వేశాను. శవంగానే బాగా చేశానని మా నాన్న అనేవాడు.

విషయానికొస్తాను. మన డ్రామా మాస్టారి జీవితం మీద అరగంట నాటిక తీసి, మన ఊరి కేబుల్ టీవీలో వేయించాలని కమిటీ వారు అనుకున్నారు. రాసే పని నాకు అప్పగించారు. ఆ రోజు నుంచీ మన వాట్సాప్ గ్రూపులో జరుగుతున్న యుద్ధం మీకు తెలుసు. "గురువుగారు తాగేవారని మనమే టీవీలో చూపిస్తామా? సిగ్గులేదా?" అని ఒక వర్గం. "అది తీసేస్తే మిగిలేది సన్మానపత్రం, దాన్నెవడు చూస్తాడు?" అని ఇంకో వర్గం. ఇద్దరూ నాకు ఫోన్లు చేశారు. ఇద్దరితోనూ "సరే చూద్దాం" అన్నాను. ఇంజనీర్లకు వచ్చిన మాట అదొక్కటే.

ఇలాంటి పని అంతకుముందు ఎవరైనా ఎలా చేశారో చూసి మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈ విషయంలో నాకు తెలిసిన మంచి నమూనా అమెరికాలోది. నేను కొన్నాళ్ళు న్యూజెర్సీలో ఉద్యోగం చేశాను. అప్పుడు న్యూయార్క్‌లో అంబాసడర్ థియేటర్‌లో 'షికాగో' అనే సంగీత నాటకం చూశాను. మన పద్యనాటకంలో పద్యానికున్న పీట అక్కడ పాటకూ నాట్యానికీ కలిపి ఉంటుంది. దాన్ని మొదట 1975లో రంగస్థలం మీదకు తెచ్చినవాడు బాబ్ ఫాసీ. 1996లో మళ్ళీ మొదలైన ప్రదర్శన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఫాసీ మీద, ఆయన భార్య గ్వెన్ వెర్డన్ మీద 2019లో ఎఫ్ఎక్స్ అనే టీవీ ఛానల్ వారు ఎనిమిది భాగాల సీరియల్ తీశారు. పేరు 'ఫాసీ/వెర్డన్'. మా అమ్మాయితో కలిసి చూశాను.

ఫాసీ ఎవరో రెండు మాటల్లో చెబుతాను. 1927లో షికాగోలో పుట్టాడు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లాడిగా ఉండగానే రాత్రిళ్ళు చౌకబారు క్లబ్బుల్లో డాన్సులు చేశాడు. అక్కడ ఆ వయసు పిల్లాడు చూడకూడనివి చూశాడు, పడకూడనివి పడ్డాడు. పెద్దయ్యాక ఆయన నాట్యమంటే ఒక ముద్ర. వంగిన భుజాలు, లోపలికి తిరిగిన మోకాళ్ళు, నెత్తిన టోపీ, చేతికి తొడుగులు. ఆయన భుజాలు పుట్టుకతోనే కాస్త వంగి ఉండేవట. జుట్టు రాలిపోతోందని టోపీ. లోపాలన్నీ శైలి అయి కూర్చున్నాయి. 1973లో ఒకే ఏడాది సినిమాకి ఆస్కార్, రంగస్థలానికి టోనీ, టీవీకి ఎమ్మీ మూడూ తెచ్చుకున్నాడు. ఆ తరువాత మానసికంగా కుంగిపోయి ఆసుపత్రిలో చేరాడు. సిగరెట్లు, మాత్రలు, తాగుడు, ఆడవాళ్ళు. 1974లో ఒకవైపు 'లెన్నీ' సినిమా ఎడిటింగూ ఇంకోవైపు 'షికాగో' రిహార్సల్సూ నడుస్తుండగా గుండెపోటు వచ్చింది. బతికి బట్టకట్టి, దాన్నే సినిమాగా తీశాడు. 'ఆల్ దట్ జాజ్', 1979. అందులో తనలాంటి నాట్యదర్శకుణ్ణి చివర్లో చంపేశాడు. మరో ఎనిమిదేళ్ళకు, 1987లో, వాషింగ్టన్‌లో తన నాటకం తెర లేచే రోజునే వీధిలో గుండె ఆగి పడిపోయాడు. పక్కనున్నది గ్వెన్. విడిపోయి అప్పటికి పదహారేళ్ళయింది. విడాకులు మాత్రం తీసుకోలేదు.

మన కమిటీలో రెండో వర్గం వారికి ఇది వినగానే నోరూరుతుంది. టీవీకి కావలసినవన్నీ ఉన్నాయి కదా. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నాటకం వాడి అసలు జీవితం రిహార్సల్. ఒకే అడుగు రెండొందల సార్లు, ఒకే పద్యం ఎత్తుగడ గొంతు పోయేదాకా. దాన్ని టీవీలో ఎంతసేపు చూపిస్తారు? సీసా పగలగొట్టడమైతే అర నిమిషంలో చూసేవాడికి అర్థమవుతుంది. అందుకే ఇలాంటి కథలన్నీ పని వదిలేసి పతనం పట్టుకుంటాయి. ఈ సీరియల్లోనూ ఆ జబ్బు ఉంది. సన్నివేశం మొదట్లో "ఇంకా ఇన్నేళ్ళు మిగిలాయి" అని తెర మీద అక్షరాలు పడతాయి. అంటే ఆయన చావుకి ఇంకా ఇన్నేళ్ళని లెక్క. చూస్తుంటే నాకు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అంకెలు తగ్గడం గుర్తొచ్చింది. ఇంకొకటి, చిన్నప్పుడు క్లబ్బులో జరిగింది చూపించి, పెద్దయ్యాక చేసిన ప్రతి పాడుపనికీ దాన్నే కారణంగా ముడిపెడతారు. ముప్పై ఏళ్ళు బీటలు చూసినవాడిగా చెబుతున్నాను, ఏ గోడా ఒక్క కారణంతో బీటలివ్వదు. నేల, నీరు, ఇసుక, మేస్త్రి తొందర, డబ్బిచ్చేవాడి పిసినారితనం, అన్నీ కలిస్తే ఒక బీట.

అయినా ఆ సీరియల్ నాకెందుకు నచ్చిందంటే, ఆ పేరులో మధ్యనున్న అడ్డగీత కోసం. దానికి ఆధారమైన జీవితచరిత్ర, శామ్ వాసన్ రాసింది, ఒక్క 'ఫాసీ' పేరుతోనే ఉంది. టీవీవాళ్ళు గీత గీసి వెర్డన్‌ని పక్కన నిలబెట్టారు. ఆ గీతతో కథే మారిపోయింది.

గ్వెన్ వెర్డన్ చిన్నప్పుడు రికెట్స్ వచ్చి కాళ్ళు వంకరపోయిన పిల్ల. ప్రత్యేకంగా చేయించిన బూట్లతో నడిచింది. ఆ పిల్లే ఎదిగి నాట్యానికీ నటనకీ నాలుగు టోనీలు తెచ్చుకుంది. వాళ్ళిద్దరూ మొదటిసారి కలిసి పనిచేసిన 1955 నాటికి ఆవిడ పెద్ద తార, ఆయన పైకొస్తున్న కుర్రాడు. ఆ మొదటి రిహార్సల్ ఘట్టం సీరియల్లో ఉంది. ఖాళీ హాలు, ఇద్దరే మనుషులు, ఒక పాట. ఆయన ఒక అడుగు చూపిస్తాడు, ఆవిడ దాన్ని కొంచెం మార్చి వెనక్కిస్తుంది. ఎనిమిది భాగాల్లో తాగుడు, ఏడుపు, తగాదా చాలా ఉన్నాయి గానీ నాకు గుర్తుండిపోయింది ఈ పని చేసుకునే ఘట్టమే. ఇంకో చోట 'క్యాబరే' సినిమాకి గొరిల్లా వేషం సరిగ్గా లేదని, ఆవిడ జర్మనీ నుంచి న్యూయార్క్ విమానమెక్కి వెళ్ళి మంచిది పట్టుకొస్తుంది. తిరిగొచ్చేసరికి ఆయన గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది. ఆవిడ 1966లో రంగస్థలం మీద వేసిన 'స్వీట్ ఛారిటీ' నాయిక వేషం, ఆయనే దర్శకత్వం వహించిన సినిమాలో షర్లీ మెక్లెయిన్‌కి వెళ్ళింది. రంగస్థలం మీద ఆవిడ చేసినదంతా చూసినవాళ్ళతోనే చాలావరకు పోయింది, ఆయన సినిమాలు మాత్రం మిగిలాయి. ఆవిడ వేషం కట్టిన మిషెల్ విలియమ్స్‌కి ఎమ్మీ వచ్చింది. సంతోషించాను.

స్లాబ్ వేసేటప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు పెడతాం. స్లాబ్ గట్టిపడ్డాక ఊడదీసి లారీలో పడేస్తాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళెవరూ ఆ కర్రల గురించి అడగరు. గ్వెన్ అలాంటి మనిషే అనుకున్నాను మొదట. కాదు. ఆయన పోయాక కూడా, 1999లో ఆయన నాట్యాలన్నీ కూర్చి ప్రదర్శన పెట్టినప్పుడు, అడుగులు సరిగ్గా పడేలా చూసినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఊడదీసిన కర్ర అలా చేయదు కదా.

ఆ సీరియల్ నిర్మాణంలో వాళ్ళమ్మాయి నికోల్ ఫాసీ కూడా ఉంది. తండ్రి తప్పులు ఆవిడకు తెలిసే తెర మీదకొచ్చాయి. మన దగ్గర 2018లో 'మహానటి' వచ్చినప్పుడు ఏమైందో గుర్తుంది కదా. సావిత్రి గారి అమ్మాయి ఆ సినిమాకి అండగా నిలబడితే, జెమినీ గణేశన్ గారి మరో కుమార్తె తండ్రిని అలా చూపడం అన్యాయమని బహిరంగంగానే అన్నారు. ఒకే మనిషి, ఇద్దరు కూతుళ్ళు. ఎవరిది తప్పంటాం? తీసేవాడు కెమెరా సర్దుకుని వెళ్ళిపోతాడు, ఆ ఇంట్లో ఉండాల్సింది వాళ్ళు.

ఇప్పుడు మన మాస్టారు. ఇక్కడ నేనొక మాట చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా.

పదో తరగతి వార్షికోత్సవం రాత్రి మాస్టారు హార్మోనియం మీద నుంచి పక్కకి ఒరిగి పడిపోవడం మీలో చాలామంది చూశారు. ఆ రోజు సాయంత్రం, నాకు రంగు వేసి, తుడుచుకున్న చేత్తోనే జేబులోంచి డబ్బు తీసి, "ఒరేయ్, వెనక సందులోంచి వెళ్ళి పట్రా" అన్నారు. అంతకుముందు కూడా రెండు మూడు సార్లు తెచ్చాను. మాస్టారు నన్నే పంపుతారని నాకు గర్వంగా కూడా ఉండేది. ఆ రాత్రి నక్షత్రకుడి రంగు మొహానే పెట్టుకుని, నిక్కరు జేబులో సీసా పెట్టుకుని పరుగెత్తుకొచ్చాను. కాటిసీను మొదలయ్యేసరికి ఆయన వేళ్ళు మెట్ల మీద నిలవడం లేదు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడు, శ్రుతి అందలేదు. ఆయన పడిపోయారు.

తరువాత ఏమైందో ఎవరికి గుర్తుంది? వారం రోజులుగా ఫోన్లు చేసి అడుగుతున్నాను. మా బ్యాచ్ వాళ్ళలో పదకొండు మందిని అడిగాను. అందరికీ పడిపోవడం గుర్తుంది. నాటకం ఆగలేదని ఎవరికీ గుర్తులేదు. ఆగలేదండీ! ఆడవాళ్ళ వైపు నుంచి మాస్టారి భార్య, మనందరం అమ్మగారు అనేవాళ్ళం, లేచి వచ్చారు. ఆయన్ని ఇద్దరు పిల్లలచేత పక్కకి జరిపించి, కొంగు దోపుకుని, హార్మోనియం ముందు కూర్చుని శ్రుతి ఇచ్చారు. కాటిసీను చివరిదాకా ఆవిడే వాయించారు. వన్స్ మోర్లు కూడా పడ్డాయి. ఆవిడకు వాయించడం వచ్చని ఆ రాత్రిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇంట్లో పదిహేనేళ్ళు డి.వి. సుబ్బారావు గారి పద్యాలు ఆయన సాధన చేస్తుంటే వంటింట్లోంచి విని నేర్చుకున్నారట. మన వేషాలన్నీ కుట్టింది కూడా ఆవిడే. నా నక్షత్రకుడి పంచె వాళ్ళింట్లో పాత తెరగుడ్డ.

నాటిక రాయడానికి కూర్చుని, మొదటి సన్నివేశంగా పడిపోవడమే రాశాను. నేనూ అందరిలాంటివాణ్ణే. రాసింది పట్టుకుని మాస్టారి అమ్మాయికి ఫోన్ చేశాను. మనకంటే మూడు తరగతులు చిన్న. సీసా తెచ్చింది నేనేనని ముందు చెప్పేశాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు తెలుసు అన్నయ్యా. అమ్మ చూసింది. చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు అనింది" అంది.

ఆ మాటకు నేను ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాను.

తాగుడు చూపించవచ్చా అని అడిగాను. "చూపించండి. ఊరందరికీ తెలిసిందేగా, దాస్తే నవ్వుతారు. కానీ అమ్మ ఏడ్చినట్టు మాత్రం చూపించొద్దు. సినిమాల్లో అలాగే పెడతారు కదా, ఒక మూల కూర్చుని కళ్ళొత్తుకుంటూ. మా అమ్మ ఏడవలేదు. పొద్దున్నే లేచి ఆయన్ని తిట్టేది, తరువాత మిషను ముందు కూర్చునేది" అంది.

ఆ రాత్రే రాసింది చింపేశాను. ఇప్పుడు నాటిక కుట్టుమిషను చప్పుడుతో మొదలవుతుంది. మాస్టారు తాగుతారు, పడిపోతారు. అది ఇరవయ్యో నిమిషంలో వస్తుంది. ఆ తరువాత పది నిమిషాలు కాటిసీను, అమ్మగారి చేతుల మీదుగా. కమిటీలో రెండు వర్గాలకూ ఇది పూర్తిగా నచ్చకపోవచ్చు. సీసా తెచ్చే పిల్లాడి పాత్ర కూడా ఉంది. పేరు మార్చలేదు.

షూటింగ్ వచ్చే నెల రెండో ఆదివారం, మన స్కూల్లోనే. పద్యం పాడగల గొంతున్నవాళ్ళు, ఇంకా మిగిలి ఉంటే, కార్యదర్శి గారికి పేర్లివ్వండి. హరిశ్చంద్రుడు దొరికాడు, వీరబాహుడు కావాలి. ఆ హార్మోనియం అమ్మాయి దగ్గరే ఉంది, పంపిస్తానంది. రెండు మెట్లు పలకడం లేదట. బాగుచేసేవాళ్ళెవరైనా మీకు తెలిస్తే భోజనాల దగ్గర నాకు చెప్పండి.