ఎముక గుల్లబారితే



ఎముకంటే రాయి కాదు. అదీ రోజూ కొంత అరుగుతుంది, కొంత కొత్తగా పుడుతుంది. ముట్లు ఆగిపోయాక అరుగుదల ఎక్కువవుతుంది. చెదలు తిన్న దూలంలా లోపల గుల్లబారుతుంది. నొప్పి ఉండదు, మనకు తెలియదు. ఒకరోజు గచ్చుమీద కాలు జారితే తుంటి విరుగుతుంది. చాలామంది ముసలమ్మల నడుము వంగిపోయేది కూడా ఇందుకే.

ఎందుకిలా? గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలుంటాయి. వాటిలో ఊరే ఈస్ట్రోజెన్ అనే రసం ఎముకలను కాపాడుతుంది. ముట్లతోపాటు అదీ తగ్గిపోతుంది. మామూలుగా ఇది 45, 50 ఏళ్లనాటి మాట. కాని మన పల్లెల్లో 30 ఏళ్లకే గర్భసంచి తీయించుకుంటున్నారే! "పిల్లలు పుట్టారుగా, ఇంక అదెందుకు?" అంటారు. తెల్లబట్టకూ అదే వైద్యమా? తెల్లబట్ట మందులతో నయమవుతుంది. క్యాన్సర్ లాంటిదైతే తీయక తప్పదు, అది వేరు. ఆపరేషన్ అనగానే ఒప్పుకోకండి, ఇంకో డాక్టరునూ అడగండి. "అండాశయాలు కూడా తీస్తారా?" అని తప్పకుండా అడగండి. చిన్న వయసులో అవి పోతే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఇప్పటికే తీయించుకున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి చూపించుకోండి.

ఇక తిండి. ఎముకకు కావలసింది కాల్షియం, అంటే సున్నం. నూరు గ్రాముల బియ్యంలో అది పది మిల్లీగ్రాములుంటే, రాగుల్లో 340 దాకా ఉంటుంది. సంకటి గాని, అంబలి గాని తాగండి, తినండి. నువ్వులు, మునగాకు కూడా మంచివే. పాలన్నీ కేంద్రానికి పోయకండమ్మా, గ్లాసెడు మీకుంచుకోండి. ఒంటికి ఎండ తగలాలి. పొలం పోయేవాళ్లకు ఎండ దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు చాట తెచ్చుకుని కాసేపు వాకిట్లో కూర్చోండి.