పాత మెట్లు, క్రొత్త బాట



తిరుమల కొండకు 1944లో మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవది ఏర్పడినవి. అయినను అలిపిరి మెట్లదారిని గాని, శ్రీవారిమెట్టును గాని ఎవరును తొలగింపలేదు. బస్సెక్కినవాడును, మ్రొక్కుకొని మెట్లెక్కినవాడును చేరునది ఒకే సన్నిధి. జావాస్క్రిప్టు లైబ్రరీలను క్రొత్త పద్ధతికి మార్చువారు ఈ న్యాయమునే పాటింపవలెనని నా మనవి.

జావాస్క్రిప్టు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ కల్పించెను. ఒకరు వ్రాసియుంచగా పదిమందియు తమ ప్రోగ్రాములలో వాడుకొను పనిముట్ల మూటను లైబ్రరీ యందురు. తొలిదినములలో ఈ భాషకు గదులు లేవు. ఉన్నదంతయు ఒకే రచ్చబండ. ప్రతి లైబ్రరీయు తన పేరును అచ్చట నుంచవలసినదే. ఇరువురి పేరొకటైనచో వెనుక వచ్చినది ముందుదానిని చెరిపివేసెడిది. 2009లో పుట్టిన నోడ్, ‘రిక్వైర్’ అను మాటతో ఒక ఫైలు మరియొక ఫైలును పిలుచుకొను పద్ధతిని వ్యాపింపజేసెను. పిదప 2015నాటి ప్రమాణము భాషకే ‘ఇంపోర్ట్’, ‘ఎక్స్‌పోర్ట్’ అను మాటల నొసగెను.

ఇందువలన లాభమేమి? ఇంపోర్టు వాక్యము తనకేది కావలెనో ముందుగనే తేటగ చెప్పును. అనేక ఫైళ్లను ఒక్కటిగ మూటకట్టు బండ్లరు, ప్రోగ్రామును నడపకయే వాడని భాగములను గుర్తించి, చెట్టునుండి ఎండుటాకులు దులిపినట్లు రాల్చివేయగలదు. చిత్తూరు బస్టాండులో చిన్న ఫోనులో పుట తెరచు ప్రయాణికునకు ఈ భేదము ఖర్చులోను, కాలములోను తెలియును. తేదీల లెక్కకు ప్రసిద్ధిగన్న మొమెంట్ లైబ్రరీ నిర్వాహకులే, తమది ఇట్లు దులుపుటకు అనువుగ లేదని 2020లో చెప్పి, క్రొత్త పనులకు వేరొకటి ఎన్నుకొనుడని సలహా నిచ్చిరి.

కావున మార్పు అవసరమే. ముందుగ ప్రతి పనిముట్టును దాని పేరుతో వేరువేరుగ ఎక్స్‌పోర్టు చేయవలెను. పిదప ప్యాకేజ్ డాట్ జేసన్ అను ఫైలులోని ‘ఎక్స్‌పోర్ట్స్’ పట్టికలో ఇంపోర్టుకొక ద్వారము, రిక్వైరుకొక ద్వారము చూపవలెను.

ఇచ్చట రెండు చిక్కులు గలవు. ద్వారమునకొక ప్రతి చొప్పున లైబ్రరీని రెండుగ నిలిపినచో, ఒకే ప్రోగ్రాములో రెండు ప్రతులును చేరవచ్చును. ఒకదానియందు దాచిన సంగతి రెండవదానికి తెలియదు. ఒకే కొండపై రెండు హుండీలుంచి లెక్క ఒకదానిదే చూచినట్లగును. కావున గుర్తుంచుకొనవలసిన సంగతులన్నియు ఒకే ఫైలులో నుండి, రెండు ద్వారములును దానికే చేరవలెను. రెండవ చిక్కు మరింత కఠినము. ఎక్స్‌పోర్ట్స్ పట్టిక వ్రాసినంతనే, అందులేని లోపలి దారులన్నియు మూసుకొనిపోవును. ఏండ్లతరబడి ఆ సందుల వెంట నడచిన పాతవారి పనులు ఒక్కదినమున నిలిచిపోవును. వారి దారులనుగూడ పట్టికలో చేర్చుడు. చేర్చలేనిచో పెద్ద సంచిక సంఖ్యను మార్చి ముందుగ చాటుడు.

2024లో నోడ్ 22వ సంచిక, రిక్వైరు మాటతోనే క్రొత్త మాడ్యూళ్లను చాలవరకు తెచ్చుకొను వీలు కల్పించినది. రానురాను ఒక్క ద్వారమే చాలవచ్చును. కాని పాత సంచికలను నమ్ముకొన్నవారు నేటికిని గలరు. మన జిల్లాల కళాశాలలలో చదివి ఇట్టి పనికి పూనుకొను యువతీయువకులకు నేను చెప్పునది ఇంతే: క్రొత్త బాట వేయుడు, మెట్లెక్కువాడు పైకి చేరువరకు మెట్లను పెరికివేయకుడు.