ఒక్క చెడ్డ పాట కూడా లేనివాళ్ళు ఎవరు?

(అమలాపురంలో యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

 



నన్ను హక్కుల మీద మాట్లాడమన్నారు. నేను పాటల మీద మాట్లాడతాను. పెద్దలు ఏమీ అనుకోవద్దు, రెండూ ఒకే దారిలో కలుస్తాయి.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఈ గొడవ తెలిసే ఉంటుంది. రాత్రి కరెంటు పోతే మొదలవుతుంది. "ఒక్క చెడ్డ పాట కూడా లేనివాడు ఎవడ్రా? పేరు చెప్పు." ఒకడు ఘంటసాల అంటాడు. ఒకడు ఇళయరాజా అంటాడు. ఒకడు చెవిలో ఇయర్‌ఫోన్ తీసి బీటిల్స్ అంటాడు. బీటిల్స్ వీరాభిమానులే కొన్ని పాటలు వేలితో దాటేసి వింటారు, అది వేరే సంగతి. ఇళయరాజా గారు వెయ్యికి పైగా సినిమాలకి సంగీతం ఇచ్చారు. అన్ని సినిమాల్లో ఒక్కటీ తేలిపోలేదు అంటే, అన్నీ వినకుండా చెప్తున్నామని అర్థం.

ఇంగ్లండులో నిక్ డ్రేక్ అని ఒకాయన ఉండేవాడు. గిటారు పట్టుకుని మెల్లగా పాడతాడు. 1969 నుంచి 1972 లోపు మూడే మూడు ఆల్బమ్‌లు చేశాడు. 1974లో 26 ఏళ్ళకే పోయాడు. ఆయన పాటల్లో చెడ్డది వెతకడం నిజంగానే కష్టం. కానీ ఆలోచించండి, మూడు ఆల్బమ్‌లు! తక్కువ పాడినవాడికి తప్పులూ తక్కువే. కాబట్టి ఎన్ని పాడాడు అన్నది ముందు అడగాలి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగాలి. బాగోని పాటని పక్కన పడేసేది ఎవరు? నా మాటంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ ఊరి మనిషి గురించి చెప్పుకుందాం. ఇక్కడికి ఎంతో దూరం లేని శంకరగుప్తంలో, అప్పటి రాజోలు తాలూకాలో, 1930 జులై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టారు. నాన్న వేణువు, అమ్మ వీణ. ఆయన పుట్టిన కొద్ది రోజులకే అమ్మ పోయింది. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నారు. కుర్రతనంలోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. పాడటమే కాదు, వయోలా, మృదంగం, కంజీరా కూడా వాయించేవారు. 2016లో పోయేదాకా పాడుతూనే ఉన్నారు.

నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడిని కాదు. మా ఇంట్లో ఆ సంగీతం లేదు. కానీ ఇక్కడ డిగ్రీ చదివేటప్పుడు ఆయన్ని బాగా విన్నాను. నాకు ఎక్కనివి చాలా ఉన్నాయి. అయితే నాకు ఎక్కకపోవడం ఒకటి, పాడినవాడు పని ఎగ్గొట్టడం ఒకటి. ఆయన పని ఎగ్గొట్టిన పాట మాత్రం నాకు దొరకలేదు. పైగా ఆయన భద్రంగా కూర్చున్న మనిషి కాదు. లవంగి, మహతి అని నాలుగే స్వరాలతో రాగాలు తెచ్చారు. మూడు స్వరాలతో కూడా తెచ్చారు. అసలు అది రాగమే కాదని వీణ ఎస్. బాలచందర్ గారు పెద్ద గొడవే చేశారు. అన్ని తిట్లు తిని కూడా పాడటం మానలేదు. నా లెక్కలో ఆయన దగ్గరికి వస్తారు.

ఇంకో సంగతి. భద్రాచల రామదాసు కీర్తనలు ఈ రోజు ఇంటింటా వినబడుతున్నాయంటే అందులో పెద్ద చెయ్యి బాలమురళి గారిది. ఆ భద్రాచలం కథలోనే కొండ మీద విగ్రహాలు ముందు చూసింది మన పోకల దమ్మక్క అని గుడివాళ్ళే చెప్తారు. ఆమె పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (నలుగురు ఎత్తారు.) సరే.

ఆయన దగ్గర బాగోని పాటని పడేసేది ఎవరు? ఆయనే. ఆయన చెవి, ఆయన గురువు పెట్టిన క్రమశిక్షణ. మంచిదే. కానీ అది ఒక్క మనిషి జల్లెడ.

రెండో రకం వంగపండు ప్రసాదరావు గారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయనది. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. 1972లో గద్దర్ వాళ్ళతో కలిసి జననాట్యమండలి కట్టినవాళ్ళలో ఆయన ఒకరు. మూడొందలకి పైగా పాటలు కట్టారు, ఉత్తరాంధ్ర యాసలోనే. 2020 ఆగస్టులో పోయారు. ఆయన పాటకి జల్లెడ సభ. స్టూడియోలో బాగోని పాటకి కూడా చప్పట్లు కలపొచ్చు. మైదానంలో వెయ్యి మంది ముందు, గజ్జె కట్టి, మైకు సరిగ్గా లేని చోట పాడి చూడండి. రెండో చరణానికి జనం పల్లవి అందుకోకపోతే ఆ పాట అక్కడే చచ్చిపోతుంది. రేపు ఇంకో ఊళ్ళో దాన్ని ఎవరూ ఎత్తుకోరు. అందుకే సభల్లో నలభై ఏళ్ళు నిలబడిన పాటల్లో తాలు కనబడదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

కాలేజీలో ఒకతను నాతో అన్నాడు, "మీ పాటలన్నీ ఒకేలా ఉంటాయి బ్రో, రేలా రేలా అని." నేను కొట్లాడలేదు. మా ఊరు తీసుకెళ్ళాను. పెళ్ళి ఉంది, రాత్రి తొమ్మిదింటికి ఆట మొదలైంది. ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరస కట్టారు. పెద్దమ్మ ఒకామె మాట అందిస్తుంది, వరసంతా తిరిగి పాడుతుంది. తెల్లవారుజాము మూడింటికి అతను నా పక్కన కూర్చుని అడిగాడు, "ఇందాకటి పాట ఎప్పుడు అయిపోయింది, ఇది ఎప్పుడు మొదలైంది?" అయిపోలేదు. అడుగు మారింది, మాట మారింది, ఎగతాళి పెళ్ళికొడుకు మీద నుంచి అతని మేనమామ మీదకి వెళ్ళింది. మధ్యలో ఊరికి పట్నం నుంచి వచ్చిన ఈ అబ్బాయి మీద కూడా రెండు మాటలు పడ్డాయి. అవి నేను అతనికి తెలుగులోకి చెప్పలేదు.

అక్కడ నేను చూసింది ఏమిటంటే, పెద్దమ్మ అందించిన మాట అడుగుకి సరిపోకపోతే వరస తడబడుతుంది. వెంటనే పక్కామె ఇంకో మాట వేస్తుంది. ఆ తడబడ్డ మాట మళ్ళీ రాదు. ఎవరూ దాన్ని తిట్టరు, ఎవరూ రాసిపెట్టరు, పోతుంది అంతే. కోనసీమ వాళ్ళకి ఇది కొత్త కాదు. మీ జాతరలో గరగ ఎత్తినవాళ్ళు ఆడేటప్పుడు డప్పు దరువు తప్పితే ఏమవుతుంది? కాలు ఆగిపోతుంది. మంచి దరువా, చెడ్డ దరువా అన్నది కాలే చెప్తుంది.

మన పాటకి జల్లెడ ఊరంతా. అదీ ఒక రాత్రి కాదు, తరాల తరబడి. కొత్తల పండక్కి పాడనిది వచ్చే కొత్తలకి ఎవరికీ గుర్తుండదు. నాటుకి వంగినప్పుడు చెయ్యిని నడపలేని పాట ఆ మడిలోనే మిగిలిపోతుంది. అందుకే హాస్టల్ గొడవకి నా జవాబు ఇది: ఒక్క చెడ్డ పాట కూడా లేని బృందం అంటే పాడుకునే ఊరు. ఏ కోయ ఊరైనా, ఏ కొండరెడ్డి ఊరైనా.

"మీవాళ్ళు చెడ్డ పాటలు కట్టనే లేదా?" అని మీరు అడగొచ్చు. బోలెడు కట్టి ఉంటారు. మా తాతలేమీ దేవుళ్ళు కాదు. అవి చచ్చిపోయాయి కాబట్టి మనకి కనబడవు. మిగిలినవే మనం వింటున్నాం. ఈ మాట దాచాల్సిన పని లేదు, గొప్పతనమంతా ఆ వడపోతలోనే ఉంది.

అయితే అసలు భయం ఇక్కడే ఉంది తమ్ముళ్ళూ. ఇప్పుడు ఆ జల్లెడ తిరగబడింది. ఇంతకాలం బాగోని పాటలు పోయేవి. ఇప్పుడు పోతున్నది బాగోనివి కావు. పాడేవాళ్ళు పోతే పోతున్నాయి. పాడే చోటు పోతే పోతున్నాయి.

సకిని రామచంద్రయ్య గారి పేరు విన్నారా? మణుగూరు దగ్గర కూనవరం ఆయనది. కోయ డోలు కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథ, మన గట్ల కథలు, ఏ గట్టు ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరికి ఎవరు వరస అవుతారు, అన్నీ డోలు కొడుతూ పాడేవారు. కొన్ని తెలుగులో, కొన్ని కోయ మాటలో. పుస్తకం లేదు. పడిగె గుడ్డ మీద బొమ్మలు, ఆయన నోరు, అంతే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో ఆయన పోయారు. అదే ఏడాది అక్టోబరులో ఆదిలాబాద్ వైపు మర్లవాయి గుస్సాడీ కనకరాజు గారు పోయారు. ఆయనా పద్మశ్రీయే. పతకం ఇంట్లో ఉంటుంది. పాట కూడా ఇంట్లో ఉండాలంటే, ఆయన పాడేటప్పుడు పక్కన ఒక పిల్లాడు కూర్చుని ఉండాలి.

చోటు సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. గోదావరి పొంగితే లంకల్లో ఇల్లు వదిలి గట్టు ఎక్కడం మీకు తెలుసు. మీరు నీళ్ళు తీశాక మళ్ళీ దిగుతారు. పోలవరం కింద దేవీపట్నం మండలంలో ఊళ్ళు ఖాళీ చేసిన మావాళ్ళు మళ్ళీ దిగరు. కాలనీలో ఇల్లు ఇచ్చారు. కానీ కొండ పేరు పెట్టి పిలిచే పాటని కాలనీ రోడ్డు మీద ఏమని పాడతారు? పాట గుర్తే ఉంటుంది, పాడటానికి సందర్భం ఉండదు. పదేళ్ళు పాడకపోతే గుర్తు కూడా ఉండదు. ఇళ్ళకి, చెట్లకి లెక్క కట్టినవాళ్ళు పాటకి లెక్క కట్టలేదు. కట్టడం వాళ్ళ చేత కూడా కాదు, అది మన పని.

డీజే మీద నాకు కోపం లేదు, నేనూ ఆడతాను. కానీ మన పాట ఎత్తి, కీబోర్డు కలిపి, మూడు నిమిషాలకి కోసి, కింద "జానపదం" అని రాసి, పక్కన తన పేరు పెట్టుకుంటే మాత్రం అడగాలి. జానపదం అంటే ఎవరిదీ కానిది అని కాదు. అది ఫలానా ఊరిది.

మనం చెయ్యాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతివాడి జేబులో ఫోన్ ఉంది. అవ్వని కూర్చోబెట్టి "మంచి పాట ఒకటి పాడు" అనకండి. ఆ మాట అంటే ఆమె మీకు నచ్చేది ఎంచుతుంది. విత్తనాలప్పుడు ఏం పాడేవారు, పిల్లని జోకొట్టేటప్పుడు ఏం పాడేవారు, చనిపోయిన ఇంట్లో ఏం పాడేవారు అని అడగండి. మధ్యలో ఆపకండి. దగ్గు వచ్చినా, కోడి కూసినా ఉండనివ్వండి. చివర్లో ఆమె పేరు, ఊరు, గట్టు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించండి. అర్థం కాని మాట వస్తే అర్థం అడిగి రాసుకోండి, మీ ఊహ రాయకండి. వేల్పుల దగ్గర పాడేవి బయట పెట్టొద్దు అంటే పెట్టొద్దు. అవి రికార్డు చేసినా ఊరి దగ్గరే ఉంటాయి, యూట్యూబులో కాదు. ఆ మాట కాదనే హక్కు మనకి లేదు.

కోనసీమ మిత్రులకి ఒక్క మాట. మీలో వీడియో ఎడిటింగ్ వచ్చినవాళ్ళు, సౌండు తెలిసినవాళ్ళు ఉన్నారు. మాకు కీబోర్డు వద్దు, గాలి హోరు తగ్గించడం నేర్పండి చాలు.

జూన్‌లో తొలకరి పడగానే మా వైపు భూమి పండగ మొదలవుతుంది. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, బండ్లు ఆపి, పాట పాడి డబ్బులు అడుగుతారు. మిమ్మల్నీ ఆపుతారు. చిల్లర తెచ్చుకోండి, ఫోన్లో చోటు ఖాళీ చేసుకుని రండి. రావాలనుకున్నవాళ్ళు సభ అయ్యాక గుమ్మం దగ్గర చెల్లి దగ్గర పేరు రాయించండి.