చిన్న విమానంలో హెల్మెట్ ఎందుకు?

బైకు తీస్తే హెల్మెట్ పెట్టుకోమంటాం. మరి అంతకన్నా వేగంగా వెళ్లే చిన్న విమానం నడిపేవారి తలకు రక్షణ అక్కర్లేదా?

సెస్నా 172నే తీసుకోండి. 1956 నుంచి అమ్ముడవుతున్న నాలుగు సీట్ల విమానమిది. లోపలి వెడల్పు సుమారు ఒక మీటరు. పైలట్ ముఖానికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో మీటర్ల పలక. ఇంజిన్ ఆగి పొలంలో దిగాల్సి వస్తే విమానం ఒక్క కుదుపుతో నిలిచిపోవచ్చు. నడుముకు మాత్రమే బెల్టు ఉంటే ఒళ్లు ముందుకు మడతపడి, తల నేరుగా ఆ పలకకే కొట్టుకుంటుంది. అందుకే అమెరికాలో 1978 జులై 18 తర్వాత తయారైన చిన్న విమానాల ముందు సీట్లకు భుజం పట్టీలు తప్పనిసరి చేశారు. నా దృష్టిలో మొదటి రక్షణ అదే. అది లేని పాత విమానానికి ముందు పట్టీ బిగించాలి, హెల్మెట్ సంగతి ఆ తర్వాత.

అయితే పొలాలపై మందు చల్లే పైలట్ల పరిస్థితి వేరు. పైరును తాకేంత కిందుగా, కరెంటు తీగల మధ్య ఎగురుతారు. పొరపాటు జరిగితే సర్దుకునే వ్యవధే ఉండదు. అక్కడ చాలామంది హెల్మెట్ పెట్టుకుంటారు, పెట్టుకోవాలి కూడా.

హెల్మెట్‌కు బరువుంది, ఉక్కపోత ఉంది. వదులుగా ఉంటే మెడకు భారం. కొనేముందు తలకు సరిగ్గా అమరిందో లేదో, సీట్లో కూర్చున్నాక పైకప్పుకు తగులుతుందో లేదో చూసుకోండి.